వద్దనే ఉద్యోగం

"ఆ పై అంతస్తు తీసేయండి."

మళ్ళీ అదే మాట. భవానీపురం రేవులో తెప్ప కట్టిస్తున్న మార్కండేయులుకి ఒళ్ళు మండిపోయింది.

దసరా దగ్గరకొచ్చేసింది. పేట గుళ్ళో అమ్మవారిని విజయదశమి సాయంత్రం కృష్ణలో ఊరేగించాలి. పాత ఇసుక పడవ ఒకటి మాట్లాడి, దానికి హంస మొహం పెట్టి, మీద వెదురుతో రెండంతస్తుల మండపం లేపుతున్నారు. పనంతా బట్టల కొట్టు మార్కండేయులు నెత్తి మీదే పడింది. వెదురు పనివాడు ఒకరోజు వస్తే మర్నాడు రాడు. లైట్ల దుర్గాశంకర్ సెల్లు ఎత్తడు.

ఇవి చాలవన్నట్టు ఈ సాయిబు గారొకరు.

పక్క వీధి నజీమా టీచరుకి అన్నగారట. రిటైరై వచ్చాడట. పొద్దున్నే వచ్చి రేవు మెట్ల మీద కూర్చుని పడవ వంకే చూస్తాడు.

"ఎందుకు తియ్యాలండీ?" అన్నాడు మార్కండేయులు విసుగ్గా.

"బరువంతా పైనుందండీ. జనం ఒక పక్కకి జరిగితే పడవ ఒరుగుతుంది. ఒరిగితే మళ్ళీ లేవదు."

"మా పాప శ్రీదుర్గకి టైఫాయిడ్ వచ్చి, గండం గడిచి బయటపడింది సాయిబు గారూ. పై అంతస్తులో అమ్మవారి పాదాల దగ్గర కూర్చోబెట్టి తిప్పుతానని మొక్కుకున్నా. మొక్కు ఎగ్గొట్టమంటారా?"

ఆయన పడవ అడుగు వైపు చూశాడు.

"పోనీ, అడుగున ఇసుక బస్తాలైనా వేయించండి."

"ఇన్నేళ్ళు ఇసుక మోసిన పడవని, పసుపునీళ్ళతో కడిగి కడిగి చేతులు పడిపోయాయండీ! మళ్ళీ ఇసుకా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఇంతకీ తమరేం ఉద్యోగం చేశారండీ?" అడిగాడు దుర్గాశంకర్, బల్బుల దండ విప్పుతూ.

"యుద్ధనౌకల దగ్గరండీ."

"వంటా?"

"కాదండీ. నౌక కట్టేముందు కాగితం మీద గీస్తారు. మిసైళ్ళ వాళ్ళొచ్చి మావి డెక్కు మీదే ఉండాలంటారు. రాడార్ వాళ్ళు మాది అందరికన్నా పైనుండాలంటారు. ఫిరంగుల వాళ్ళు, హెలికాప్టర్ వాళ్ళు... కింద చోటు ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళందరికీ వద్దని చెప్పడం నా పని."

"జీతమిచ్చి మరీ వద్దనిపించుకున్నారా! మా ఆవిడ ఆ మాట ఉత్తినే అంటుందండీ!"

రేవంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

"అక్కడా ఇలాగే నవ్వేవాళ్ళు లెండి."

మర్నాడు మళ్ళీ వచ్చాడు. జనరేటర్ కిందికి దించమన్నాడు. ఆ మర్నాడు మైకు హార్నులు తగ్గించమన్నాడు. మార్కండేయులుకి ఓపిక చచ్చిపోయింది.

"ఏవండీ, ఇది మా అమ్మవారి తెప్ప. దీంతో మీకేం పని? ఇంకోసారి ఈ మెట్ల మీద కనిపిస్తే మర్యాద దక్కదు!"

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కనిపించలేదు. పీడ వదిలిందనుకున్నాడు మార్కండేయులు.

విజయదశమి సాయంత్రం తెప్ప కదిలింది. పట్టు పరికిణీలో శ్రీదుర్గ పై అంతస్తులో అమ్మవారి పాదాల దగ్గర కూర్చుంది. మెట్ల నిండా జనం. కింది అంతస్తు నుంచి కూతుర్ని చూసుకుంటున్న మార్కండేయులు కళ్ళకి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డ సాయిబు గారు తగిలాడు.

'దాపురించాడు! మునుగుతుందేమో చూద్దామని కాబోలు!'

పూజారి హారతి ఎత్తాడు. పడవలో ఉన్నవాళ్ళంతా కళ్ళకద్దుకోవాలని ఒక్కసారి అటు పక్కకి తోసుకున్నారు.

తెప్ప ఒరిగింది. అంచు మీంచి నీళ్ళు లోపలికొచ్చాయి.

"నాన్నా!"

శ్రీదుర్గ వెదురు గుంజ పట్టుకుని వేలాడుతోంది. మార్కండేయులు పైకి చేతులు చాచాడు.

పడవ అలా ఒరిగే ఆగింది. తర్వాత మెల్లగా, నిద్ర లేచిన మనిషిలా, తనంతట తానే నిటారుగా లేచింది.

"జై దుర్గా!"

అమ్మే నిలబెట్టిందన్నారంతా. మార్కండేయులు కళ్ళు తుడుచుకుని రేవు వైపు చూశాడు. సాయిబు గారు లేడు.

మర్నాడు మండపం విప్పి, అడుగు చెక్కలు లేపారు.

కింద ఇసుక బస్తాలు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, కదలకుండా తాళ్ళతో బిగించి ఉన్నాయి.

"ఎవడ్రా ఈ పని చేసింది?"

పడవ సంజీవరావు తల గోక్కున్నాడు. "ఆ సాయిబు గారండి, రవూఫ్ గారు. పాప మొక్కు చెడకూడదు, పై అంతస్తు ఉండనీ, దానికి తగ్గ బరువు కింద వేద్దామన్నారండి. మీరు అంటు అంటారని ఇసుక కడిగించి, గోనెలు పసుపునీళ్ళలో ముంచి తెచ్చి, రాత్రికి రాత్రి వేయించారండి. మీకు మాత్రం చెప్పొద్దన్నారు."

మార్కండేయులు ఒక గోనె ముట్టుకుని చూశాడు. వేళ్ళకి పసుపు అంటింది.

నిలబెట్టింది అమ్మే. అందులో మార్కండేయులుకి అనుమానం లేదు. కానీ ఎవర్ని పంపిందో తెలిసి, తలెత్తలేకపోయాడు.

ప్రసాదం పట్టుకుని నజీమా టీచరు ఇంటికి వెళ్ళాడు.

"అన్నయ్య పొద్దున్నే బొంబాయి బండెక్కాడండీ."

"అంత తొందరేమొచ్చిందమ్మా?"

"ఆయన గీసిన ఓడండీ, మిసైళ్ళ ఫ్రిగేటు. జుట్టంతా దాని మీదే నెరిసింది. కనీసం కళ్ళతో చూసొస్తానని వెళ్ళాడు."

"ఇంకా కడుతున్నారా?"

"నిన్ననే నీళ్ళలోకి దించారండీ, మీ విజయదశమి మంచిదని. ముందు వరసలో కుర్చీ వేస్తాం రమ్మని వాళ్ళు ఎన్నిసార్లు ఫోన్ చేశారో! ఓడ నీళ్ళలో దిగడం బతుకులో ఒక్కసారే చూస్తావు, వెళ్ళన్నయ్యా అని నేనూ పోరు పెట్టాను."

"మరి వెళ్ళలేదేమ్మా?"

నజీమా ప్రసాదం అందుకుని కళ్ళకద్దుకుంది.

"ఆ ఓడని చూసుకోడానికి అక్కడ చాలామంది ఉన్నారు, ఇక్కడ పడవలో చిన్నపిల్ల ఉంది, ఈతొచ్చినవాడు ఒకడు నీళ్ళలో ఉండాలి అని మీ రేవుకొచ్చి నిలబడ్డాడండీ."