గుహ తాడు

పనసపండు దొంగిలించిన కొండముచ్చును అడవి పెద్దలు గుహలో పెట్టారు. అక్కడ కాపలా ఉండే ఎలుగుబంటి దానికి నార తీసి తాడు పేనడం నేర్పింది. కొండముచ్చు పేనిన తాడు ఎంత లాగినా తెగేది కాదు. ఏనుగులు దాంతోనే దుంగలు లాగేవి. దుప్పులు దాన్నే పట్టుకుని వాగు దాటేవి.

శిక్ష తీరి బయటికొచ్చిన కొండముచ్చు నేరుగా వాగు దగ్గరికి వెళ్లింది. తాడు అరిగిపోయి ఉంది.

"దుప్పక్కా, కొత్త తాడు పేనిపెడతాను. తినడానికేమైనా పెట్టు, చాలు" అంది.

"దొంగ పేనిన తాడు పట్టుకుని నా పిల్లలు వాగు దాటాలా?" అంది దుప్పి.

"ఇన్నాళ్లూ దాటింది నేను పేనిన తాడుతోనే కదక్కా."

"అది నీ తాడెలా అవుతుంది? అది గుహ తాడు. దాని మీదుండే నమ్మకం వేరు."

ఏనుగుల దగ్గరా అదే మాట. ఆకలికి ఆగలేక కొండముచ్చు మళ్లీ ఒక పనసపండు కోసింది. దుప్పులూ ఏనుగులూ చుట్టుముట్టి కాళ్లూ చేతులూ కట్టేశాయి. ఎంత గింజుకున్నా ఆ తాడు తెగలేదు. అది తను పేనిందే.

గుహ దగ్గర ఎలుగుబంటి ఎదురొచ్చింది.

"వచ్చావా, మంచి పనైంది. వాగు దగ్గర తాడు అరిగిపోయిందట."