నాలుగు తెరలు, ఒకటే నంబరు

మూడో వార్డు పక్కనున్న వైర్ల గదిలో ఇంజినీరమ్మ పొద్దున్నుంచీ ఒక మనిషిని తిట్టిపోస్తూనే ఉంది. అతనెవరో, ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు.

ఆసుపత్రిలో ఆమె చేరి నాలుగు రోజులైంది. అప్పుడే అందరికీ ఇంజినీరమ్మ అయిపోయింది.

ఆ ఆసుపత్రిలో నాలుగు వార్డులు. మంచం మంచానికీ గుండెనూ ఊపిరినీ కనిపెట్టే మానిటర్, నర్సు బల్ల మీద వాటన్నిటినీ చూపించే తెర. ఏ వార్డు నెట్‌వర్క్ ఆ వార్డుదే. ఒకదానితో ఒకదానికి మాటల్లేవు.

ఆ నాలుగింటినీ ఒకే సర్వర్ నుంచి చూసుకునేలా సాయంత్రానికల్లా చేసిపెట్టాలి. లేకపోతే పెద్ద డాక్టరు ముందు తలెత్తుకోలేదు.

సర్వర్‌కు నాలుగు నెట్‌వర్క్ కార్డులు బిగించి, ఒక్కో కార్డు నుంచి ఒక్కో వార్డుకు వైరు లాగింది. ఎక్కడ ఏమున్నాయో వెతకమంది.

మానిటర్లన్నీ దొరికాయి. తెరలు మాత్రం నాలుగుండాల్సిన చోట ఒక్కటే కనబడింది.

ఎందుకో పట్టుకోవడానికి పూటంతా పట్టింది. మానిటర్లకు దేని నంబరు దానికే ఉంది. నాలుగు తెరలకూ మాత్రం ఒకటే నంబరు పెట్టారు. ఒకటో నంబరు.

"ఏ బుర్రలేని మనిషి పెట్టాడో ఈ నంబర్లు" అంది పైకే.

"తెలిసే పెట్టుంటాడు లెండి" అని గుమ్మం దగ్గర్నుంచి వినబడింది.

ఆసుపత్రి గౌనులో ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. మణికట్టుకు పేరు పట్టీ, చేతికి సూది.

"ఇక్కడికి రాకూడదు బాబాయిగారూ. మీ మంచం ఎక్కడ?"

"ఈ వార్డే. ఆపరేషన్‌కి ఇంకా గంటుంది. పడుకుని ఫ్యాను రెక్కలు ఎన్నిసార్లని లెక్కపెట్టను?"

ఆమెకు నవ్వొచ్చింది.

"ఆ నంబర్లు మారుస్తున్నారా?" అన్నాడాయన.

"మార్చక? నలుగురికీ ఒకే పేరుంటే నా సర్వర్ ఎవరినని పిలుస్తుంది?"

"మార్చకండమ్మా. నాలుగు కార్డుల్నీ నాలుగిళ్లలా విడివిడిగా ఉంచండి. ఏ గుమ్మంలోంచి వచ్చిన కబురు ఆ ఇంటిదేనని సర్వర్‌కి చెప్పండి. అప్పుడు ఇంటికో ఒకటో నంబరున్నా గొడవ రాదు."

కీబోర్డు మీద ఆమె చెయ్యి ఆగింది. ఆయన మాటలో తప్పేమీ లేదు. కాని అలా చెయ్యాలంటే మళ్లీ మొదటికి రావాలి. నంబరు మార్చడమైతే రెండు నిమిషాల పని. పైగా ఆపరేషన్‌కు వెళ్లే రోగి దగ్గర పాఠం చెప్పించుకోవడానికి మనసొప్పలేదు.

"మీరు కంప్యూటర్లలో పనిచేశారా?"

"లేదమ్మా. కాని వార్డులు తిరిగే మానిటర్లు కొన్నుంటాయి, వాటికి..."

మాట పూర్తికాకముందే చిన్న నర్సు వచ్చి, "మీరిక్కడున్నారా, మీకోసం ఆసుపత్రంతా గాలిస్తున్నాను" అంటూ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయింది.

హమ్మయ్య అనుకుంది ఇంజినీరమ్మ.

మూడో వార్డు తెరకు మూడో నంబరు పెట్టింది. ఇకనుంచి మూడుకే కబుర్లు పంపమని ఆ వార్డు మానిటర్లకు చెప్పింది. కాసేపు చూసి, బాగుంటే మిగతావీ మార్చేద్దామనుకుంది. అంతా బాగానే ఉంది.

మధ్యాహ్నం మూడు దాటాక జాబితాలో కొత్త మానిటర్ ఒకటి కనబడింది. మూడో వార్డులోనే. అంతకుముందు అక్కడ లేదు.

అది ఒకటో నంబరును పిలుస్తోంది. జవాబు లేదు. మళ్లీ పిలుస్తోంది.

ఈ వార్డులో ఇప్పుడు ఒకటో నంబరే లేదని ఇంజినీరమ్మకు అప్పుడు తట్టింది. ఉన్నపళాన వార్డులోకి పరుగెత్తింది.

నర్సు బల్ల మీది తెరలో ఏడు మంచాల గీతలు ఆడుతున్నాయి. ఎనిమిదో గడి ఖాళీగా ఉంది.

ఎనిమిదో మంచం తలుపు అవతల గదిలో ఉంది. దాని మీద ఆపరేషన్ గది నుంచి అప్పుడే వచ్చిన పెద్దాయన. పెదవులు నీలంగా మారాయి. ఆయనతో పాటు వచ్చిన మానిటర్ పక్కన కీచుమంటోంది. ఆ చప్పుడు గది దాటి రావడం లేదు.

"సిస్టర్, ఇటు రండి, త్వరగా!"

హెడ్ సిస్టర్ వచ్చి ఆయన తల వెనక్కి వంచి, ఆక్సిజన్ పెట్టింది. కొద్దిసేపటికి పెదవుల రంగు మారింది. "మీరు చూడబట్టి సరిపోయింది" అంది.

ఇంజినీరమ్మ వైర్ల గదికి వెళ్లి, తెరకు మళ్లీ ఒకటో నంబరు పెట్టి, మిగతా మానిటర్లనూ ఒకటికే కబుర్లు పంపమంది. ఎనిమిదో గడిలో గీత కదిలింది. అప్పుడు కూర్చుని, నాలుగు కార్డుల్నీ ఆయన చెప్పినట్టే నాలుగిళ్లు చేసింది.

సాయంత్రానికి నాలుగు తెరలూ ఒకటో నంబరుతోనే వేర్వేరుగా కనబడ్డాయి. పెద్ద డాక్టరు భుజం తట్టాడు. ఆ మెప్పు ఆమెకు మింగుడు పడలేదు. సరాసరి ఎనిమిదో మంచం దగ్గరికి వెళ్లింది. పెద్దాయన హాయిగా నిద్రపోతున్నాడు.

"ఈయన ఏ కంపెనీ ఇంజినీరు సిస్టర్? పొద్దున్న చిలక్కి చెప్పినట్టు చెప్పారు. నేనే వినలేదు."

"ఈయనా?" హెడ్ సిస్టర్ గొంతు తగ్గించింది. "చాన్నాళ్ల కిందట ఓ పాపని ఒకటో వార్డు నుంచి ఇక్కడికి మార్చాం. అప్పట్లో ఒక్కో వార్డు తెరకి ఒక్కో నంబరుండేది. మానిటర్ వార్డు మారితే, అది పిలిచే నంబరు మార్చడానికి ఇంజినీరు రావాలి. ఆయనొచ్చేసరికి అరగంటైంది. పాప దక్కలేదు. ఆ తర్వాత ఈయన ఏడాది పాటు ఇంజినీర్ల వెంటపడ్డారు. వాళ్ల పుస్తకాలు అడిగి తీసుకెళ్లి చదివారు. రోగితో వచ్చిన మానిటర్ ఎక్కడ తగిలించినా పనిచెయ్యాలని, పట్టుబట్టి నాలుగు తెరలకీ ఒకటే నంబరు పెట్టించారు."

ఇంజినీరమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. అంతలోనే ఆ నిద్రపోయే మనిషి మీద గౌరవం పొంగుకొచ్చింది.

"ఇంజినీరు కాకుండానే ఇదంతా చేశారా? ఇక్కడ ఏం పనిచేసేవారు?"

హెడ్ సిస్టర్ ఆయన దుప్పటి సర్దింది.

"ముప్పై ఏళ్లు స్ట్రెచర్ తోశారమ్మా, ఆ పాపని ఆ రోజు ఇక్కడికి తోసుకొచ్చింది ఈయనే."