ఇస్త్రీపెట్టె మీద పోపు

ఇళ్లల్లో పొయ్యిలూ పోపులూ నిషేధించి పదేళ్లయింది. ఇప్పుడు ఎవరింట్లో చూసినా స్లో కుక్కరే. పొద్దున పడేసిన పప్పు సాయంత్రానికి ఉడుకుతుంది. మాడదు, పొంగదు. అలివేలు చేతులే ఊరుకోవు.

"మాటిమాటికీ మూత తియ్యకే! ఇంకో అరగంట పడుతుంది" అని మొగుడు విసుక్కుంటాడు.

అందులో ఆవాలు మాత్రం చిటపటలాడవు. ఓ సాయంత్రం ఇక ఉండబట్టలేక ఇస్త్రీపెట్టె తిరగేసి, దానిమీద గరిటె పెట్టి నూనె కాచింది. ఆవాలు పేలాయి. ఇంగువ వాసన వీధిదాకా పోయింది.

"ఏం పేలిందే అమ్మా?" ఆ చప్పుడెరగని ఎనిమిదేళ్ల కూతురు హడలిపోయింది.

అంతలో ఎవరో తలుపు కొట్టారు. తీస్తే తనిఖీ అధికారి! అలివేలు ఇస్త్రీపెట్టెకి అడ్డంగా నిలబడింది.

ఆయన తన క్యారేజీ మూత తీశాడు.

"ముందు దీన్లో కాస్త వెయ్యండమ్మా. కేసు తరవాత రాసుకుంటాను."