పడవ బేరం

మార్చి 9, ఆదివారం. బట్టలు ఉతికినాను, పిండి రుబ్బినాను, పడవ కొనడానికి వచ్చినాయనకు కాఫీ ఇచ్చినాను.

డీజిల్ ఖర్చు మీద నా సణుగుడు పడలేక, వైతికుప్పం ఒడ్డున ఉన్న మోటారు పడవను మా ఆయన దామోదరం అమ్మకానికి పెట్టినారు.

"గంటకు డీజిల్ ఎంతవుతుందమ్మా?" అని వచ్చినాయన నన్నే అడిగినాడు.

"పది లీటర్లు. ఏటా రంగు, ఇంజను రిపేరు, ఒడ్డుకు లాగేవాళ్ళ కూలి వేరే."

వచ్చినాయన కాఫీ సగంలోనే వదిలేసి లేచి వెళ్ళిపోయినాడు.

"ఐదుకు పది చెప్తివేందే! అమ్మమని రోజూ గోల చేసింది నువ్వే కదా?" అన్నారు మా ఆయన.

"స్నేహితులందరినీ తిప్పినారు. నన్ను ఒక్కసారన్నా ఎక్కించకుండానే అమ్మేస్తారా?"

సాయంత్రం ఎక్కించినారు. అల కొట్టి చీరంతా తడిసింది, నవ్వి నవ్వి కడుపు నొప్పెట్టింది. ఇంక పడవను అమ్మేది లేదన్నాను.

డీజిల్ ఐదు లీటర్లు, నా ఖర్చు. పడవ కొన్నప్పటి నుంచి ఆయన నాకు పడిన షికారు బాకీ చెల్లు.