మాస్టరు మాట

గేటు పడి ఇరవై నిమిషాలైంది. రైలు జాడ లేదు.

ఎనభై ఆరు మే నెల ఎండ. నాచారం గేటుకు రెండు వైపులా బస్సులు, లారీలు, సైకిళ్ళు నిలిచిపోయాయి. గేటుమన్ హన్మయ్య సరిగ్గా పదిన్నరకు స్టేషన్ మాస్టరుకు ఫోన్లో నంబరు చెప్పాడు. అది పద్ధతి. గేటు మూసి, తాళం వేసి, నంబరు చెబితేనే మాస్టరు రైలును వదులుతాడు. ఒకసారి నంబరు చెప్పాక, ఆ రైలు దాటేదాకా దేవుడు దిగొచ్చినా గేటు లేవకూడదు. మూస్తే జనం తిడతారు. తెరిస్తే నౌకరీ పోతుంది. పద్నాలుగేళ్ళుగా హన్మయ్య తిట్లే తింటున్నాడు.

పదీ యాభైకి ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ వచ్చి గేటుకు ఆనుకుని ఆగింది.

లోపల కనకరాజు. ఉప్పల్లో ఫ్యాక్టరీ పని. ప్రెస్సు మిషన్ కింద చెయ్యి పడింది. మోచేతి కింద ఏం మిగిలిందో తువ్వాలు విప్పితేగాని తెలియదు. విప్పే ధైర్యం ఎవరికీ లేదు. బావమరిది పాండురంగ ఆ తువ్వాలును రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఆటో అంచు మీంచి రక్తం రోడ్డు మీదికి కారుతోంది.

“అన్నా, గేటు తియ్యి! మా బావ పాణం పోతున్నది!”

దవాఖాన పట్టాలకు అవతల ఉంది. మనిషిని ఎత్తి అవతలి బండిలో వేద్దామని చూశారు. కదిపితే చాలు, రక్తం చిమ్మింది. మళ్ళీ పడుకోబెట్టారు.

హన్మయ్య తన గదిలోకి పరుగెత్తాడు. జనం కిటికీ దగ్గర మూగారు. ఫోను హ్యాండిల్ తిప్పి, రిసీవర్ చెవికి ఆనించాడు. మళ్ళీ తిప్పాడు. నుదుటి మీద చెమట. కిటికీలోంచి ముప్పై కళ్ళు అతని నోటివంకే చూస్తున్నాయి.

“హలో సార్, హన్మయ్యను,” అన్నాడు. మాస్టరు చెప్పే ప్రతి ముక్కా గేటుమన్ పైకి తిరిగి చెప్పాలి. అదీ పద్ధతే. “బండి ఇడిసిపెట్టిన్రు... ఆఁ... గేటు తియ్యొద్దు... అయిదు నిమిషాలు... మంచిది సార్.”

బయటికొచ్చాడు. “అయిదు నిమిషాలంట. జర ఓపిక పట్టున్రి.”

“నీ చెయ్యి పడాలె మిషన్ల! అప్పుడు చెప్తువు ఓపిక,” అన్నాడు లారీ డ్రైవర్.

అయిదు నిమిషాలు గడిచాయి. రైలు రాలేదు. కనకరాజు “నీళ్ళు” అన్నాడు. కాసేపటికి అది కూడా అనలేదు. పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

ఎవరో రాయి తెచ్చి గేటు తాళం మీద కొట్టారు. ఒక దెబ్బ. రెండో దెబ్బ. తాళం పగిలితే ఆటో ఒక్కటే పోదు. బస్సూ లారీలూ అన్నీ పట్టాల మీదికి ఎక్కుతాయి. ఎక్కి ఇరుక్కుంటాయి. గొంతు వణకనీయొద్దు, అనుకున్నాడు హన్మయ్య. కాళ్ళు వణికినా ఫర్వాలేదు, గొంతు వణికితే ఇక్కడ శవాలు లేస్తాయి.

“రాయి కింద పడెయ్! మళ్ళ అడుగుత మాస్టరును. ఆయన తియ్యమంటే తీస్త.”

రాయి ఆగింది. హన్మయ్య మళ్ళీ రిసీవర్ ఎత్తాడు.

“సార్, మనిషి సచ్చేటట్టున్నడు... ఆఁ... బండిని సిగ్నల్ కాడ ఆపిన్రా... ఒక్క ఆటో... తిరిగి చెప్తున్న సార్, ఒక్క ఆటోనే.”

రిసీవర్ చేతిలోంచి జారి బల్ల మీద పడింది. తీసి పెట్టి, బయటికొచ్చి పట్టాల దగ్గర వంగాడు. ఇనుము మీద అరచెయ్యి ఆనించాడు.

“ఇప్పుడు మొక్కులేంది సామీ? తియ్యి!” అని జనంలోంచి ఎవరో అరిచారు.

చప్పున లేచాడు. “ఒక్క ఆటోకే మాస్టరు ఆర్డరు! ఇంకో చక్రం కదిలిందా, జైలుకు పోతరు బిడ్డా!”

తాళం తీసి చక్రం తిప్పాడు. గేటు ఆటో దూరేంత లేచింది. ఆటో దూరింది. సరిగ్గా పట్టాల మధ్య ఎగిరిపడి, ఆగిపోయింది.

“పోనియ్! పోనియ్!” హన్మయ్య గొంతు చీలిపోయింది.

“ఎందుకన్నా గంత ఆగం? బండి ఆపిన్రు గదా,” అని నవ్వాడు లారీ డ్రైవర్.

ఆటో దగ్గింది, మళ్ళీ స్టార్టయింది, గేటు దాటింది. పాండురంగ వెనక్కి తిరిగి అరిచాడు. “మీ మాస్టరుకు దండాలు జెప్పన్నా!”

హన్మయ్య గేటు దించాడు. తాళం వేశాడు. లెక్కపెడితే అరవై అంకెలు కూడా కాలేదు, గేటు వణికిపోయేలా రైలు దూసుకుపోయింది.

“ఏం టైము వట్టిండయ్యా మాస్టరు! ఆటో పోంగనే వదిలిండు.”

“బంగారం అసొంటి మనిషి.”

హన్మయ్యను ఎవరూ తిట్టలేదు. ఆ మాత్రం చాలు. గేటు లేపాడు. బండ్లన్నీ పోయాక గది మెట్టు మీద కూలబడ్డాడు.

అప్పుడు పట్టాల పక్క బాటలో, భుజాన తీగల చుట్టతో సైకిలు నెట్టుకుంటూ లైన్‌మన్ కొమురెల్లి వచ్చాడు.

“హన్మన్నా, పదిన్నర దాటంగనే దొంగలు ఫోను రాగితీగ కోసుకపోయిన్రు, అప్పటిసంది నీకూ మాస్టరుకూ మాట లేదు గదా, గింతసేపు ఒక్కనివే ఎట్ల సంభాళించుకున్నవన్నా?”