కొత్త కార్డు మీద మొదటి పని

"ఈ కార్డు మాత్రం నీకియ్యను," అంటూ ప్రతాప్ బల్ల మీదున్న గ్రాఫిక్స్ కార్డును వెనక్కి లాక్కున్నాడు.

సుజన బిత్తరపోయింది. "ఎందుకన్నా? నా డబ్బులకు అందేది అదొక్కటే కదా!"

"గేములాడుకునే పిల్లోళ్ళకైతే ఇది సాలు. నీది పొద్దస్తమానం నడిచే పనంటా ఉండావు. మాడి మసైపోతాది. అప్పుడు నన్నే తిట్టుకుంటావు."

"అడిగింది ఇచ్చి పంపీప్పా," లోపల్నించి చెంగల్రాయుడు విసుక్కున్నాడు. తిరుపతిలోని ఆ కంప్యూటర్ షాపులో ప్రతాప్‌తో పాటు అతనూ భాగస్తుడు. "బేరానికొచ్చినోళ్ళకు బుద్ధులు చెప్పేదెందుకు? ఇట్లయితే షాపు మూసుకోవాల్సిందే."

ప్రతాప్ నవ్వేసి ఊరుకున్నాడు. చెంగల్రాయుడు నవ్వలేదు. బండి తాళం తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"ఆయన మాటలకేం గానీ, ఇట్ల సూడమ్మా. రంగురంగుల లైట్లుండే ఈ డబ్బా నీకెందుకు? మామూలు కేబినెట్ తీసుకో. ఆడ మిగిలింది కార్డుకు పెట్టు. పవర్ సప్లై దగ్గర మాత్రం పీనాసితనం సేయొద్దు. అది పేలితే పక్కనుండేవన్నీ పోతాయి."

సుజనకు ఆ మాట నచ్చింది. అతను చూపించిన పెద్ద కార్డే తీసుకుంది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఒక్కొక్కటే అడిగి తెలుసుకుని ఎంచుకుంది. "బిగించేది నేనే అన్నా. నువ్వు పక్కనుండి సూడు. తప్పు సేస్తే సెప్పు."

"సరే కానీ. ఇంతకీ నువ్వు సేసే పనేంది?"

"సచ్చిపోయినోళ్ళను మాట్లాడిస్తా."

ప్రతాప్ చేతిలోని స్క్రూ జారి కింద పడింది. సుజన నవ్వింది.

"భయపడొద్దన్నా. ఫోటోలు, గొంతు, చెప్పాల్సిన మాటలు ఇస్తే, ఆ మనిషే మాట్లాడినట్టు వీడియో చేస్తాం. పెళ్ళిలో లేని నాయన దీవించినట్టు, అట్లాంటివి. స్టూడియోవాళ్ళు పంపిస్తారు. ఇంట్లో కూర్చుని చేసిస్తా."

"బతికుండేవాళ్ళను గూడా మాట్లాడించొచ్చా?"

"కంప్యూటర్‌కు బతికినోళ్ళేంది, సచ్చినోళ్ళేంది? మొగం, గొంతు ఉంటే సాలు."

ప్రతాప్ కింద పడిన స్క్రూ వెతికి తీశాడు. దాంతో పాటు స్క్రూడ్రైవర్ అందించాడు.

ప్రాసెసర్ పెట్టేటప్పుడు సుజన ఊపిరి బిగబట్టింది. తన సాఫ్ట్‌వేరంతా ఉన్న డిస్కు ఇంటి నుంచి తెచ్చుకుంది, దాన్ని తగిలించింది. అన్నీ అమర్చి స్విచ్ నొక్కగానే ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తెర వెలిగింది. "వచ్చేసిందన్నా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అంతలోనే ఆమె ఫోన్ మోగింది. స్టూడియో ఆయన. "అర్జెంటు పని పంపినానమ్మా. పార్టీ సాయంత్రంలోపల కావాలని తొందరపెడతా ఉండాడు."

"దీన్నే పెట్టి సూద్దామన్నా. నువ్విచ్చిన కార్డు తట్టుకుంటాదో లేదో ఈడనే తేలిపోతాది," అంది సుజన. వచ్చిన ఫైలును విప్పి చూడకుండానే ఎక్కించి పనిలో పెట్టింది. ఫ్యాన్ల హోరు పెరిగింది. పని ఎంతవరకు అయిందో చూపే పచ్చగీత తెర మీద మెల్లగా పాకసాగింది.

చెంగల్రాయుడు కేరియర్‌తో తిరిగొచ్చాడు. సుజనను చూసి గుమ్మంలోనే ఆగాడు. "ఈ పాప ఇంకా పోలేదా?"

"టెస్టింగ్ పెట్టినాం. అయ్యేదాకా ఉంటాది."

"ఇంట్లో సూసుకుంటాది లేప్పా. పంపీ." కేరియర్ ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి బల్ల మీద పెట్టాడు. "సంగటి, కోడిపులుసు. వేడిమీద తినెయ్."

"ఏందప్పా, నువ్వెప్పుడు నాకు కూడు తెచ్చినావు?" ప్రతాప్ ఆశ్చర్యపోయాడు.

"తేకూడదా?"

"నువ్వూ కూర్చో."

"నేను తినేసినా. పాకాల దాకా పోవాల." అలా అన్నాడే గానీ వెంటనే కదల్లేదు. ప్రతాప్ సంగటిముద్ద పులుసులో అద్దుకుని మింగేదాకా చూశాడు. అప్పుడు బండెక్కి వెళ్ళిపోయాడు.

"నువ్వూ ఒక ముద్ద తినమ్మా."

"వద్దన్నా, శనివారం కోడి తినను."

ప్రతాప్‌కు బాగా ఆకలిగా ఉన్నట్టుంది. పులుసు గిన్నె అడుగుదాకా ఊడ్చి తిన్నాడు. చెయ్యి కడుక్కుంటుండగా సుజన కేక పెట్టింది. "అయిపోయిందన్నా! కార్డు కొంచెం కూడా తడబళ్ళేదు. రా, సూడు!"

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ప్రతాప్ ఆమె వెనక నిలబడ్డాడు. సుజన వీడియో నొక్కింది.

తెర మీదికి ప్రతాప్ ముఖం వచ్చింది.

ప్రతాప్ ఫక్కున నవ్వాడు. "ఓసినీ! నా మొగమే పెట్టి ఆడిస్తా ఉండావా? ఎప్పుడు తీసినావు ఫోటో?"

"నేను తీయలేదన్నా." సుజన వెనక్కి తిరిగి అతన్ని చూసింది. "స్టూడియో నుంచి వచ్చింది ఇదే."

తెర మీది ప్రతాప్ నోరు విప్పాడు. అచ్చం అతని గొంతే.

"నేను ప్రతాప్‌ను మాట్లాడతా ఉండా. నా సావుకు ఎవురూ కారణం కాదు. నా తర్వాత షాపంతా చెంగల్రాయుడే సూసుకుంటాడు."

ప్రతాప్ నవ్వు ఆగిపోయింది. కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నాడు. సుజన చూపు బల్ల మీది ఖాళీ కేరియర్ మీద పడింది. వెంటనే ఫోన్ తీసి అంబులెన్సుకు నొక్కసాగింది.

"ఎవుర్నీ అనుమానించొద్దు," తెర మీది ప్రతాప్ ప్రశాంతంగా చెప్పుకుపోతున్నాడు. "ఈ మధ్యాన్నం నేను తిన్న కోడిపులుసులో విషం కలుపుకునింది నేనే."