మల్లిక వంతు

లిస్బన్‌లోని ఆశ్రయ గృహంలో పప్పుకు పోపు పెట్టి, మల్లిక వరంగల్‌లోని తమ హిజ్రా ఇంటికి ఫోన్ చేసింది. హిజ్రాల హక్కుల కోసం కొట్లాడినందుకు అక్కడ ఆమె మీద కేసులున్నాయి. ఆమె గొంతు వినబడితే చాలు, అక్కడి ఏ ఫోనైనా పోలీసులకు చెప్పేస్తుంది. అందుకే ఇక్కడి ఫోన్ ఆమెకు రోజుకో కొత్త గొంతు తొడుగుతుంది.

"ఎవరు బిడ్డా?" అంది గురువమ్మ ఎల్లవ్వ.

పేరు చెప్పకూడదు. మల్లిక అరచేతులు వెడల్పుగా చాచి, తమ ఇంటి తీరున చప్పట్లు కొట్టింది. వాటిని మార్చడం ఆ ఫోనుకు రాదు.

 అటువైపు గురువమ్మ కొట్టింది. ఆ వెనక పెద్ద శిష్యురాలు, నడిపామె, ఇంట్లో చేరిన వరుసన. మూడో శిష్యురాలి వంతు దగ్గర ఆగిపోయారు.

"కొట్టు బిడ్డా," అంది ఎల్లవ్వ. "నీ ఎనక చేరినది చేతులు లేపుకొని కూసున్నది."